ముక్క పరీక్షకు బెల్లం పాకం

గత నెలలో ఒక సాయంత్రం పాథాలజీలో పీజీ చేస్తున్న యువ డాక్టరొకామె మా ఇంటికి వచ్చింది. చేతిలో రెండు చిన్న సీసాలున్నాయి. ఒకదానిలో నీళ్ళలాంటి ద్రవం, రెండోదానిలో పలచని డికాషను రంగు ద్రవం. రెండింటి అడుగునా బఠాణీ గింజంత ముక్కలు. మటన్ కొట్లో కొన్న కార్జం అట. "వాసన చూడండి సార్" అంటూ రెండో సీసా మూత తీసింది. సంక్రాంతికి ముందు మా అమ్మ అరిసెల పాకం పట్టిన రోజులు గుర్తుకొచ్చాయి. అది బెల్లం నీళ్ళు. మొదటి సీసా మూత తీయవలసిన అవసరమే లేకపోయింది. ఫార్మలిన్ వాసన నాకు మూత ఉన్నా తెలుస్తుంది.

ముప్పై ఏళ్ళకు పైగా ఒక బోధనాసుపత్రి హిస్టోపాథాలజీ విభాగంలో టెక్నీషియనుగా పనిచేసి విరమించినవాణ్ణి నేను. ఆ అమ్మాయి పరిశోధనాంశం ఫార్మలిన్‌కు బదులుగా తేనె, బెల్లం వంటి సహజ ద్రవ్యాలు. "ఇక ఆ విషంతో పని ఉండదేమో సార్" అంది ఉత్సాహంగా. ఆ రోజు ఆమెకు సూటిగా సమాధానం చెప్పలేకపోయాను. చెప్పవలసినదంతా తీరిగ్గా ఆలోచించి ఇక్కడ రాస్తున్నాను.

ఈ విషయంతో పరిచయం లేని పాఠకుల కోసం ముందుగా నాలుగు మాటలు. మనవాళ్ళు 'ముక్క పరీక్ష' అని పిలిచే బయాప్సీలో, అనుమానం ఉన్న చోటి నుంచి కాస్త కండ కోసి తీసి, పలచని పొరలుగా తరిగి, రంగులద్ది, సూక్ష్మదర్శిని కింద చూస్తారు. అది క్యాన్సరా, క్షయా, మామూలు వాపా అన్నది తేల్చేది ఆ చూపే. అయితే శరీరం నుంచి విడివడిన మరుక్షణం నుంచే ఆ ముక్క చెడిపోవడం మొదలవుతుంది. బయటి సూక్ష్మజీవులు చేసే పని ఒకటైతే, కణాల లోపలే ఉన్న ఎంజైములు తమ ఇంటిని తామే జీర్ణం చేసుకోవడం మరొకటి. ఈ రెండింటినీ ఆపి, కణం బతికున్నప్పుడు ఎలా ఉందో ఇంచుమించు అలాగే నిలిపివేయడాన్ని స్థిరీకరణ అంటారు. మా వాడుకలో 'ఫిక్సు చేయడం'. ఈ పని సరిగా జరగకపోతే, తరువాత ఎంత గొప్ప వైద్యుడు చూసినా లాభం లేదు. స్లైడు మీద కణాలకు బదులు గులాబిరంగు మసక కనిపిస్తుంది.

ఆ పనికి లోకమంతా వాడుతున్నది ఫార్మలిన్. ఫార్మాల్డిహైడ్ అనే వాయువును నీటిలో కరిగిస్తే వచ్చే ద్రావణం అది. ఆ వాయువు సంగతిని 1859లో రష్యన్ రసాయనవేత్త బట్లెరోవ్ మొదట రాశాడు. దానికి కణజాలాన్ని గట్టిపరిచే గుణముందని 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ అనే జర్మన్ వైద్యుడు కనిపెట్టాడు. ఆయన వెతుకుతున్నది క్రిమిసంహారిణి కోసం. ఆ ద్రావణంతో పనిచేస్తుండగా తన వేళ్ళ చర్మం బిరుసెక్కడం గమనించి, వేళ్ళను గట్టిపరచినది కండను కూడా గట్టిపరుస్తుంది కదా అనుకున్నాడు. ఈ చరిత్రలో నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసే సంగతి ఒకటుంది. ఆ ద్రవం పనికొస్తుందని మనకు తెలిసింది, అది పనిచేసేవాడి చేతిని కూడా వదలలేదు కాబట్టే. గుణమూ దోషమూ ఒకే రోజున బయటపడ్డాయి. గుణాన్ని ఆ దశాబ్దంలోనే స్వీకరించాం. దోషాన్ని లెక్కలోకి తీసుకోవడానికి వందేళ్ళు పట్టింది. ఫార్మాల్డిహైడ్ మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు వెనుక భాగానికి వచ్చే క్యాన్సర్ అప్పటి ఆధారం. 2009లో రక్త క్యాన్సర్‌ను కూడా ఆ జాబితాకు కలిపింది.

మా విభాగంలో అటెండరుగా ఒకాయన ఉండేవాడు. ముక్కలు కోసే బల్ల తుడవడం, జాడీలలో పాత ఫార్మలిన్ పారబోసి కొత్తది పోయడం, గడువు తీరిన అవయవాలను పంపేయడం ఆయన పని. ఆ గదికి ఒకే కిటికీ. పైన గోడలో ఒక ఫ్యాను ఉండేది, ఏడాదిలో సగం రోజులు అది తిరిగేది కాదు. నేను చేరిన కొత్తలో కళ్ళు మండి బయటకు పరుగెత్తితే, ఆయన నవ్వి "నాకు అలవాటైపోయిందండి బాబూ, వాసనే తెలియట్లేదు" అన్నాడు. అది ధైర్యం అనుకున్నాను అప్పట్లో. ముక్కు అలసిపోయి వాసన పట్టడం మానేయడాన్ని మేము అనుభవం అని పిలుచుకున్నాం. ఎనిమిది గంటల పనిదినానికి పది లక్షల భాగాల గాలిలో 0.75 భాగం మించరాదని అమెరికా కార్మిక రక్షణ నిబంధన చెబుతుంది. చాలామందికి వాసన తెలిసేదే దాదాపు ఆ మోతాదు దగ్గర. అంటే వాసన గట్టిగా తగులుతోందంటే అప్పటికే హద్దు దాటినట్టు లెక్క. ఆయన చివరి సంవత్సరాలలో దగ్గుతో చాలా బాధపడ్డాడు. దానికి కారణం ఇదేనని రుజువు చేయగల కాగితం ఏదీ నా దగ్గర లేదు. ఆ గదిలో గాలిని కొలిచినవారూ లేరు.

కాబట్టి ఫార్మలిన్‌ను వెనకేసుకురావడానికి నేనిది రాయడం లేదు. దానికి బదులు వెతికే ప్రతి చేతికీ నా నమస్కారం. నా అభ్యంతరమల్లా 'సహజం' అన్న మాట మీదనే.

చెడిపోయేదాన్ని చెడిపోకుండా ఉంచడం మనకు కొత్త విద్య కాదు. దశరథుడు మరణించినప్పుడు కొడుకులెవరూ దగ్గర లేరు. భరతుణ్ణి కేకయ దేశం నుంచి పిలిపించేదాకా రాజు దేహాన్ని తైలద్రోణిలో ఉంచారని వాల్మీకి చెప్పాడు. గాలి తగలకుండా నూనెలో ముంచడమన్న సూత్రమే మన ఆవకాయ జాడీలో పైన తేలే నూనెలోనూ ఉన్నది. ఉప్పు, పులుపు, తీపి కూడా అటువంటివే. సూక్ష్మజీవికి బతుకు లేకుండా చేస్తాయి. సుశ్రుతుడి దారి మరొకటి. శవాన్ని ముంజగడ్డి వంటివాటితో చుట్టి, మెల్లగా పారే నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, ఆ తరువాత పొరపొరగా రాచి లోపలి భాగాలను చూడమన్నాడు. ఆయన కుళ్ళడాన్ని ఆపలేదు, దానినే పనిముట్టుగా వాడుకున్నాడు.

అయితే ఈ పద్ధతులన్నీ ఆకారాన్ని కాపాడడానికో, తినడానికి పనికిరావడానికో, అవయవాన్ని కంటితో చూడడానికో సరిపోతాయి. ఆవకాయలో మామిడిముక్క ఏడాదిపాటు కుళ్ళకుండా ఉంటుంది, కానీ దాని కణాలు చెట్టు మీద ఉన్నప్పటిలా ఉండవు. ముక్క పరీక్షకు కావలసింది కణం లోపలి కేంద్రకం, దాని అంచు, దానిలోని రంగు ముద్దల తీరు. కుళ్ళకుండా ఉంచడం ఒకటి, ఉన్నదాన్ని ఉన్నట్టు నిలపడం వేరొకటి. సహజ ద్రవ్యాల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

తేనె, బెల్లం ఈ రెండో పనిని కూడా కొంతమేరకు చేయగలవని తేలడమే ఆశ్చర్యం. 2006లో అల్ మాయినీ, బ్రయంట్ అనే ఇద్దరు పరిశోధకులు తేనెను ఫార్మలిన్‌కు బదులు వాడి చూసిన ఫలితాలను ప్రచురించారు. ఆ తరువాత మన దేశంలో, ముఖ్యంగా దంతవైద్య కళాశాలలలోని నోటి పాథాలజీ విభాగాలవారు, తేనె, పంచదార పాకం, బెల్లం పాకాలను పరీక్షించారు. 10 నుంచి 30 శాతం వరకు గాఢత కలిగిన ద్రావణాలలో చిన్న ముక్కలను ఒక రోజు ఉంచి, మామూలు రంగులు వేసి చూస్తే, కేంద్రకాలూ కణద్రవ్యమూ ఫార్మలిన్‌లో ఉంచినవాటితో పోల్చదగినట్టే కనిపించాయని రాశారు. వాటిలో బెల్లానికి మంచి మార్కులే పడ్డాయి.

ఎందుకిలా? తేనెకు ఆమ్లగుణం ఉంది. నీటిని పీల్చే శక్తి ఉంది. దానిలోని ఎంజైము వల్ల హైడ్రోజన్ పెరాక్సైడు పుట్టి సూక్ష్మజీవులను అణచివేస్తుంది. వీటికి తోడు, ఆ పులుపులో ఫ్రక్టోజు వంటి చక్కెరలు విడిపోయి ఆల్డిహైడులుగా మారతాయనీ, అవి మాంసకృత్తులను ఒకదానితో ఒకటి ముడివేస్తాయనీ పరిశోధకుల ఊహ. ఫార్మలిన్ చేసేది కూడా సరిగ్గా ఆ ముడివేయడమే. ఫార్మాల్డిహైడ్ అన్నది ఆల్డిహైడులలోకెల్లా చిన్నది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ ఊహ నిజమైతే, బెల్లం పనిచేస్తున్నది అది రసాయనం కాకపోవడం వల్ల కాదు, నెమ్మదిగా రసాయనంగా మారడం వల్ల. ఇంకా చెప్పాలంటే, ఫార్మాల్డిహైడ్ కూడా సహజ పదార్థమే. మన శరీరమే దానిని అనుక్షణం కొద్దికొద్దిగా తయారుచేసి, అనుక్షణం విరిచేస్తుంటుంది. పండ్లలో, చేపల్లో స్వతహాగా కొంత ఉంటుంది. సహజమా, కృత్రిమమా అన్న గీత మన మనసులో ఉన్నంత స్పష్టంగా పరీక్షనాళికలో లేదు. అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఎంత మోతాదు? ఎవరి ఊపిరిలోకి? ఎవరి ముక్కకు?

మోతాదు, నాణ్యతల సంగతే తీసుకుందాం. ఫార్మలిన్ ఎక్కడ కొన్నా సీసా మీద 37 నుంచి 40 శాతం అని ఉంటుంది. దానిని పదో వంతుగా పలచన చేసి, లవణాలు కలిపి తటస్థం చేస్తే, కాకినాడలోనైనా కెనడాలోనైనా ఒకే ద్రావణం తయారవుతుంది. బెల్లానికి ఆ భరోసా ఎక్కడిది? అనకాపల్లి బెల్లం వాడామని గర్వంగా రాసుకోవచ్చు. కానీ ఏ రైతు చెరకు, ఏ నెల నరుకు, పాకం ఎంత ముదిరింది అన్నదాన్ని బట్టి దిమ్మ దిమ్మకూ తేడా ఉంటుంది. పైగా బజారులో రంగు తేలిన బెల్లానికి ధర ఎక్కువని 'హైడ్రోస్' కలపడం మన ప్రాంతంలో తెలియనివారు లేరు. అది సోడియం హైడ్రోసల్ఫైటు. సల్ఫైటు జాతికి ఆల్డిహైడులను పట్టి బంధించే గుణముంది. అటువంటి పసుపు మెరుపు బెల్లంతో కాచిన పాకం ముక్కను సరిగా నిలపగలదా అన్నది నా అనుమానం. ఆ అమ్మాయికి మొదట ఇదే చెప్పాను. తేనె సంగతీ అంతే. 2020 డిసెంబరులో ఢిల్లీకి చెందిన సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం 13 రకాల బ్రాండు తేనెలను పరీక్షకు పంపితే, అన్ని పరీక్షలలోనూ నెగ్గినవి 3 మాత్రమే. మిగతావాటిలో చక్కెర పాకాల కల్తీ. రొట్టెకు రాసుకునే తేనెలో కల్తీ ఉంటే నాలుక మోసపోతుంది. ముక్క వేసిన తేనెలో కల్తీ ఉంటే రోగి ఏమవుతాడు?

గాఢత విషయంలోనూ చిక్కుంది. తేనెను చిక్కగా వాడితే కణాలు నీరు కోల్పోయి ముడుచుకుంటాయి. మరీ పలచన చేస్తే పులిసి బూజు పడుతుంది. మన ఎండలకు ఆ పులియడం ఎంత వేగంగా జరుగుతుందో ఇల్లాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. చీమల సంగతి సరేసరి.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి వేరే ఉంది. ఈనాడు రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీకి ఏ మందు ఇవ్వాలన్నది ఆమె గడ్డలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరోన్ గ్రాహకాలు, హెర్2 అనే మాంసకృత్తు ఉన్నాయా లేవా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఆ పరీక్షల ప్రామాణిక సూత్రాలు, ముక్క తటస్థ ఫార్మలిన్‌లో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలంటాయి. కొలబద్ద మొత్తం ఫార్మలిన్ మీద తయారైంది. మరో ద్రవంలో ఉంచిన ముక్కలో 'లేదు' అని వస్తే, అది గడ్డలో లేకపోవడమో, ద్రవం వల్ల కనబడకపోవడమో తెలియదు. ఆ అనుమానం ఖరీదు ఒక మనిషి చికిత్స. ఫార్మలిన్‌కూ తప్పులున్నాయి. అది డీఎన్ఏను తునకలు చేస్తుంది, జన్యు పరీక్షలకు ఇబ్బంది పెడుతుంది. కానీ ఆ తప్పులు వందేళ్ళుగా మనకు తెలిసిన తప్పులు, వాటిని సర్దుకుని చదవడం నేర్చుకున్నాం. బెల్లం చేసే తప్పుల జాబితా ఇంకా ఎవరూ రాయలేదు.

నాకు బాగా గుర్తున్న ఒక సంఘటన చెబుతాను. చాలా ఏళ్ళ కిందట, దూరపు మండలం నుంచి ఒకతను భార్యకు సంబంధించిన ముక్కను పాత హార్లిక్సు సీసాలో పట్టుకొచ్చాడు. అక్కడి ఆపరేషను గదిలో ఫార్మలిన్ లేదట. సెలైను పోసి ఇచ్చారు. బస్సులో, ఎండలో, మధ్యలో ఆదివారం కూడా కలిసి, మా బల్ల మీదకు చేరేసరికి మూడో రోజు. సీసా తెరవగానే సంగతి అర్థమైంది. సెలైను ముక్కను తడిగా ఉంచుతుంది, అంతకుమించి ఏమీ చేయదు. డాక్టరు గారు స్లైడు చూసి 'నిర్ధారణకు పనికిరాదు' అని రాశారు. ఆ కాగితం అతనికిచ్చే పని నాది. "మళ్ళీ కోయాలా బాబూ?" అని అడిగాడతను. అవునన్నాను. అతను ఇంకేమీ అనకుండా ఖాళీ సీసా అడిగి తీసుకున్నాడు, మళ్ళీ పనికొస్తుందని. వాళ్ళు తిరిగి రాలేదు.

ఈ కథ విన్న ఆ అమ్మాయి వెంటనే "చూశారా సార్, బెల్లం ప్రతి పల్లెలోనూ దొరుకుతుంది కదా, సెలైను కన్నా నయం కదా" అంది. ఆ మాటలో నిజముంది. ఏమీ లేని చోట, చిన్న ముక్కకు, ఒకటి రెండు రోజుల ప్రయాణానికి, ఉప్పునీటి కన్నా బెల్లం నీరు మేలు చేయవచ్చు. తేనె, బెల్లాల భవిష్యత్తు ఏదైనా ఉంటే బహుశా అక్కడే ఉంది. కానీ డాక్టరమ్మా, ఆ రోజు ఆ సీసాలో లోపించింది కొత్త ఆవిష్కరణ కాదు. ముక్క పరిమాణానికి పదింతలు ఫార్మలిన్ ముందే పోసి, మూత బిగించి, చీటీ అంటించి మండల ఆసుపత్రికి పంపిన ఒక ప్లాస్టిక్ డబ్బా. దాని ఖరీదు అతని బస్సు చార్జీకన్నా తక్కువ. ముందే నింపిన డబ్బాకు మరో లాభం, అక్కడి నర్సమ్మ పెద్ద క్యాను నుంచి ఒంపుకుంటూ ఆవిరి పీల్చనవసరం లేదు.

అలాగే మా అటెండరుకు కావలసింది బెల్లం సువాసన కాదు. బల్ల మట్టం నుంచే గాలిని లాగేసే ఏర్పాటు, మూత ఉన్న పారబోత తొట్టి, తగిన చేతి తొడుగులు, ఏడాదికొకసారి గాలిని కొలిచే మనిషి. ఈ ఉపాయాలన్నీ ఈనాడు ఉన్నవే. నా భయమల్లా ఇది: "త్వరలో సహజ ద్రవం వస్తోందట కదా" అన్న మాట, ఈ రోజు ఫ్యాను బాగుచేయించకపోవడానికి సాకు కారాదు. మంచి వార్త ఒక్కోసారి అలా కూడా పనిచేస్తుంది.

మరి బెల్లం పరిశోధన మానేయాలా? ఎంతమాత్రం కాదు. విద్యార్థులకు సూక్ష్మదర్శిని పాఠాలు చెప్పే కార్జం, మూత్రపిండం స్లైడులకు రోగనిర్ధారణతో పనిలేదు. ఆ ముక్కలను ఫార్మలిన్‌లోనే ఎందుకు ముంచాలి? వందల కళాశాలలలో ఏటా ఖర్చయ్యే ఫార్మలిన్‌లో ఆ భాగాన్ని తగ్గించగలిగితే అదే గొప్ప మేలు. మ్యూజియం జాడీల విషయంలో 1977లో గుంటర్ ఫాన్ హాగెన్స్ మొదలుపెట్టిన ప్లాస్టినేషన్ ఉంది. అది సహజమైనది కాదు, నూటికి నూరు పాళ్ళు ప్లాస్టిక్కే, అయినా తయారైన తరువాత ఆ అవయవాన్ని పట్టుకునే విద్యార్థి కళ్ళు మండవు. ఆ కళ్ళకు సహజం, కృత్రిమం అన్న తేడా తెలియదు.

రోగి ముక్క దగ్గరకు వచ్చేసరికి మాత్రం నియమం కఠినంగా ఉండాలి. రోగనిర్ధారణకు కావలసినదంతా ముందు ఫార్మలిన్‌లోకి వెళ్ళాలి. అది పోగా మిగిలినది ఉంటే, రోగి అనుమతితో, ఎథిక్సు కమిటీ ఒప్పుకుంటే, బెల్లంలో వేసి చూడాలి. ఏ బెల్లం, ఎంత గాఢత, ఎంత పులుపు, ఎన్ని డిగ్రీల ఎండలో, ఎన్నాళ్ళు అన్నది రాసిపెట్టాలి. విఫలమైన ముక్కలను దాచకుండా ప్రచురించాలి. ఆ మైనపు దిమ్మలను పదేళ్ళ తరువాత మళ్ళీ కోసి చూడాలి. ఫార్మలిన్ దిమ్మలను మేము అలా దశాబ్దాల తరువాత కూడా కోసి రంగులద్దాం.

వారం తరువాత ఆ అమ్మాయి స్లైడులు తెచ్చింది, చీటీలు కనబడకుండా కాగితం అంటించి. ఏది దేనిలో ఉంచినదో చెప్పమంది. పలచని ముక్కలలో నేను తేడా పట్టలేకపోయాను. అంత వయసు వచ్చినా ఆ ఓటమి నాకు సంతోషమే కలిగించింది. మందపాటి ముక్కలలో మాత్రం మధ్యభాగం మసకబారి, వెంటనే దొరికిపోయింది. "దీన్ని కూడా థీసిస్‌లో పెట్టు డాక్టరమ్మా" అన్నాను. పెడతానంది.

వెళ్ళబోతూ ఆగి, తమ కోత గదిలో గాలి లాగే ఏర్పాటు లేదనీ, పై అధికారులకు ఒక అర్జీ రాయాలనుకుంటున్నాననీ, ఎలా రాయాలో చెప్పమనీ అడిగింది. కాగితం తెమ్మన్నాను. ఇద్దరం కూర్చుని రాశాం. ఫార్మలిన్ హానికరమని అందులో ఎక్కువ రాయలేదు. గదిలో పనిచేసేవారు ఎంతమంది, రోజుకు ఎన్ని గంటలు, కిటికీలు ఎన్ని, ఫ్యాను ఏ తేదీ నుంచి పనిచేయడం లేదు అన్న నాలుగు వివరాలు వేశాం. మొదటి వరుసలో, అటెండరు పని చేస్తున్నవారి పేరు రాయమన్నాను.